ఇందిర జైలుకెళ్లింది ఎందుకు? అపోహలు – వాస్తవాలు

ఎమర్జెన్సీ ప్రస్తావన వస్తే చాలు, ఇప్పటికీ ఒకే ఇంట్లో రెండు జట్లు తయారవుతాయి. 1977 ఎన్నికల్లో గెలిచిన జనతా పార్టీవాళ్లు కక్షకట్టి ఇందిరాగాంధీని జైల్లో పెట్టారని ఒకరంటారు. కోర్టులు శిక్షించినా సిగ్గులేకుండా తిరిగొచ్చిందని ఇంకొకరంటారు. జైలు మాట నిజమే. మిగతాది చాలావరకు విన్నది విన్నట్టు అప్పజెప్పడమే.

అపోహ: అలహాబాద్ హైకోర్టు ఆమెను అవినీతిపరురాలని తేల్చింది.

వాస్తవం: 1975 జూన్ 12న జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా తీర్పు చెప్పింది క్రిమినల్ కేసులో కాదు. 1971 రాయ్‌బరేలీ ఎన్నిక చెల్లదంటూ రాజ్‌నారాయణ్ వేసిన పిటిషన్ అది. నిలబడిన ఆరోపణలు రెండే. ప్రభుత్వోద్యోగి యశ్‌పాల్ కపూర్‌ను ప్రచారానికి వాడుకున్నారన్నది ఒకటి, సభావేదికలు, మైకుల ఏర్పాట్లకు సర్కారు యంత్రాంగాన్ని దించారన్నది రెండోది. లంచం ఊసే లేదు. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అయితే అప్పటికే పార్లమెంటు ఎన్నికల చట్టాన్ని పాత తేదీ నుంచి వర్తించేలా మార్చేసింది. ఈ చివరి ముక్క అభిమానులు చెప్పరు, మొదటి ముక్క ప్రత్యర్థులు చెప్పరు.

అపోహ: ఎమర్జెన్సీ అకృత్యాలపై విచారించిన షా కమిషన్ శిక్ష వేసినా తప్పించుకుంది.

వాస్తవం: విచారణ కమిషన్‌కు శిక్ష వేసే అధికారమే లేదు. నివేదిక ఇవ్వడంతో దాని పని ముగుస్తుంది.

అపోహ: ఎమర్జెన్సీ అకృత్యాలకే ఆమెను అరెస్టు చేశారు.

వాస్తవం: జనం కోపమంతా నిర్బంధాల మీద, నస్‌బందీ (బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు) మీద, ఇళ్లు కూల్చిన బుల్‌డోజర్ల మీద. 1977 అక్టోబరు 3న సీబీఐ పెట్టిన కేసేమో ఎన్నికల జీపుల మీద, ఒక ఫ్రెంచి చమురు కంపెనీకిచ్చిన కాంట్రాక్టు మీద! బేడీలు వేస్తే గానీ రానని ఆమె పట్టుబట్టారు. ఢిల్లీ దాటించి హర్యానా వైపు తీసుకెళుతుంటే దారిలో రైల్వే గేటు పడింది. ఆమె కారు దిగి కల్వర్టు మీద కూర్చున్నారు. ఢిల్లీ బయటికి తీసుకెళ్లే అధికారం మీకెక్కడిదని లాయర్లు నిలదీశారు. పోలీసులు వెనక్కి తిప్పారు. మర్నాడు మేజిస్ట్రేటు, నిర్బంధంలో ఉంచడానికి తగిన ఆధారాల్లేవంటూ వదిలేశారు. హోంమంత్రి చరణ్‌సింగ్ తొందరపాటు, ఆరు నెలల కిందట ఓడిన నాయకురాలిని ఒక్క రాత్రిలో బాధితురాలిని చేసింది. బలమైన కేసును ఓపిగ్గా కట్టుకోకుండా బలహీనమైన కేసుతో దూకడం జనతా సర్కారు చేసిన అసలు తప్పు.

అపోహ: తీహార్ జైలుకు పంపింది న్యాయస్థానం.

వాస్తవం: పంపింది లోక్‌సభ. కొడుకు నడిపిన మారుతి కంపెనీ గురించి పార్లమెంటులో అడిగిన ప్రశ్నకు సమాచారం సేకరిస్తున్న అధికారులను ప్రధానిగా ఉన్నప్పుడు వేధించారన్నది అభియోగం. 1978 నవంబరులో చిక్‌మగళూరు నుంచి గెలిచి సభలో అడుగుపెట్టారో లేదో, డిసెంబరు 19న సభాహక్కుల ఉల్లంఘన కింద సభ్యత్వం రద్దుచేసి, సమావేశాలు ముగిసేదాకా జైలన్నారు. అంటే వారం. తీర్పరులు రాజకీయ ప్రత్యర్థులే కనుక దాన్ని న్యాయమని నమ్మినవాళ్లు ఆ పక్షంవాళ్లే. ఇటుపక్క ఉన్మాదమూ తక్కువేం కాదు. మర్నాడే ఇద్దరు యువజన కాంగ్రెస్ వాళ్లు ఆమెను విడుదల చేయాలంటూ బొమ్మ తుపాకులతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని వారణాసికి మళ్లించారు. తర్వాత ఆ ఇద్దరికీ కాంగ్రెస్ టికెట్లు దక్కాయి, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేలయ్యారు.

అపోహ: 1980లో ప్రజలు గెలిపించారు కనుక నిర్దోషి అని తేలిపోయింది.

వాస్తవం: మెదక్‌లో ఎస్. జైపాల్‌రెడ్డి మీద రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు, రాయ్‌బరేలీలోనూ గెలిచారు. మెదక్ ఓటరు తేల్చింది ఢిల్లీ గద్దె ఎవరిదన్న సంగతి. 1977లోనే నంద్యాల తప్ప మిగతా 41 సీట్లూ కాంగ్రెస్‌కిచ్చింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఇక్కడి ఓటును క్షమాపణగా చదవడం మరీ అతి. ఎమర్జెన్సీ నేరాల విచారణకు 1979లో చట్టం చేసి ప్రత్యేక కోర్టులు పెట్టారు. ఆమె తిరిగి ప్రధాని కాగానే ఆ కేసులు అటకెక్కాయి. ఆమెను జైలుకు పంపిన తీర్మానాన్ని 1981లో కొత్త లోక్‌సభ రద్దుచేసింది. ఎమర్జెన్సీ విషయంలో ఇందిరాగాంధీ దోషి అనిగానీ, నిర్దోషి అనిగానీ ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు.