గేటు బయట గంటలకు కూలి లేదు

మా చిన్నల్లుడు షోలాపూర్ నుంచి భివండికి లారీ తోలుతాడు. చద్దర్లు, టవళ్ళు నింపుకొని పొద్దుగూకినాక బయల్దేరితే పుణె దాటి, తెల్లారేసరికి గోదాం గేటు కాడ ఉంటాడు. అసలు కష్టం అక్కడే. నంబరు రావాలె, హమాలీలు రావాలె. పోయిన నెల ఒకసారి 14 గంటలు ఆగిండు. క్యాబిన్‌లో కునుకు తీద్దామంటే లైను జరుగుతది, మళ్ళా బండి ముందుకు తియ్యాలె.

"నాకు ట్రిప్పుకే పైసలు మామా. ఆగినందుకు హాల్టింగ్ ఇచ్చినా అది సేటుకే పోతది" అన్నాడు.

మిల్లులో నూలు రాక సాంచెలు ఆగితే మాకు లే-ఆఫ్ కింద సగం జీతం వచ్చేది. అదీ కొట్లాడితేనే అనుకోండి. లారీవాళ్ళ కోసం 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం చేసి, రోజుకు 8 గంటల పని అని రాశారు. కానీ టెర్మినల్‌లో ఊరికే కనిపెట్టుకొని ఉన్న టైము 15 నిమిషాల లోపైతేనే పని లెక్కలో చేర్చారు. పైగా 2025లో రద్దయ్యేదాకా అయిదుగురన్నా పనిచేసే చోటికే ఆ చట్టం వర్తించేది. అల్లుడి సేటు దగ్గర ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనరు.

గేటుకు వచ్చిన టైము, ఖాళీ చేసిన టైము బిల్టీ మీద రాయించుకొమ్మని చెప్పిన. మూడు ట్రిప్పులవి రాయించిండు. దసరాకు ముందు సేటుతో మాట్లాడతాడట. నేనూ వెంట పోతున్న.