“మాభూమి” నాటకము

తెలుగున నుత్తమపురుష బహువచనము ద్వివిధము. “మన” యన్నచో వినువాఁడును జేరును. “మా” యన్నచో వాఁడు వెలి. సంస్కృతమున “అస్మాకమ్” అను నొక్కపదమే రెంటికిని జెల్లును. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో రచించిన నాటకమునకు “మాభూమి” యను పేరు కుదురుట యిందుచేతనే. నల్లగొండ సేద్యగాఁడు దేశముఖుతో “మనభూమి” యనఁడు గదా! 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలఁగూలిన నాఁటి రైతుపోరాటమే దీని కితివృత్తము.

కర్త లిరువురును కృష్ణామండలమువారు. “ముందడుగు”ను గూడ జంటగానే వ్రాసిరి. సుంకర బుర్రకథారచనయందును జేయితిరిగినవాఁడు. “మాభూమి”ని ప్రజానాట్యమండలి పక్షమున డాక్టరు గరికపాటి రాజారావు రంగమున కెక్కించెను. ఊరూర ప్రదర్శనములు జరుగుచుండఁగా మదరాసు ప్రభుత్వము నిషేధించెను.

ఆ మండలి నటులు పలువురు పిదప చలనచిత్రములఁ జేరిరి. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య లట్టివారు. ఈ నాటకమున జమున యభినయముఁ జూచియే రాజారావు 1953లో వెలువడిన “పుట్టిల్లు”న నామెకు నాయికపాత్ర నొసఁగెను.

1979 నాఁటి గౌతమ్ ఘోష్ చిత్రమునకును “మాభూమి” యనియే పేరు. నామసామ్యమునుబట్టి దానికి మూల మీ నాటకమే యని భ్రమపడుట కద్దు. దాని మూలము కిషన్ చందర్ ఉర్దూనవల “జబ్ ఖేత్ జాగే”.