కోట కనబడగానే తొందరపడవద్దు



2024 జూలైలో ఒక సోమవారం ఉదయం నార్సింగి నుంచి ఇద్దరు దంపతులు మన ఓపీకి వచ్చారు. ఆయనకు 58 ఏళ్లు, ఆమెకు 54. మన సంఘంలో అందరికీ తెలిసిన కుటుంబమే. పేర్లు రాయకుండా జరిగిన సంగతి మాత్రం రాయండి, నలుగురికీ ఉపయోగపడుతుంది అని వారే అన్నారు.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంటున్న వారి కూతురు, 2025 జనవరిలో డిస్నీ వరల్డ్‌లో జరిగే హాఫ్ మారథాన్‌కు అమ్మానాన్నలిద్దరి పేర్లూ ఇచ్చేసింది. డబ్బు కూడా కట్టేసింది.

"నాకేం ఫర్వాలేదండీ డాక్టరు గారూ, కాలేజీలో వాలీబాల్ ఆడినవాణ్ణి. ఈవిడ సంగతే చూడండి. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. అంత దూరం నడవగలదో లేదో చెప్పండి చాలు" అన్నారాయన. ఆమె నవ్వి ఊరుకున్నారు.

నేను కూడా ముందు ఆమె ఫైలే తెరిచాను. ఎవరి గురించి భయపడాలో ఆ రోజు మేమంతా పొరబడ్డాం.

వినోదాల పార్కులో పరుగు

గండిపేట దగ్గరి ఓషన్ పార్కుకు పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లిన రోజులు మనలో చాలామందికి గుర్తే. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ చూడనివారూ తక్కువే. అలాంటి పార్కులు నాలుగు ఒకేచోట చేరితే ఎలా ఉంటుందో, ఒర్లాండో పక్కనున్న డిస్నీ వరల్డ్ అలా ఉంటుంది. అక్కడ 1994 జనవరిలో మొదటిసారి మారథాన్ పెట్టారు. ఇప్పుడు పూర్తి మారథాన్‌తో పాటు హాఫ్ మారథాన్, చిన్న పరుగులు కూడా జరుగుతున్నాయి. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో 2006లో మొదలైన హాఫ్ మారథాన్ 2017 తర్వాత ఆగిపోయి, 2024 జనవరిలో మళ్లీ మొదలైంది. 2016 నుంచి పారిస్ పార్కులో కూడా పెడుతున్నారు.

ఫ్లోరిడాలో ఈ పరుగు తెల్లవారుజామున 5 గంటలకు, చీకటిలోనే మొదలవుతుంది. ఎప్‌కాట్ అనే పార్కు దగ్గర బయలుదేరి, మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని సిండ్రెల్లా కోట గుండా వెళ్లి, మళ్లీ ఎప్‌కాట్‌కు వచ్చి ముగుస్తుంది. దారంతా పాటలు, దీపాలు. మిక్కీ మౌస్ వంటి బొమ్మల వేషగాళ్లు నిలబడి ఉంటారు. వారితో ఫొటో దిగడానికి జనం వరుస కడతారు.

దూరం మాత్రం ఎక్కడైనా ఒకటే, 21.1 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో ప్రారంభించిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీరు చూసే ఉంటారు. నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు. రెండూ కలిపితే 23. హాఫ్ మారథాన్ అంటే ఇంచుమించు ఆ ట్రాక్ అంతా కాళ్లతో కొలవడమే.

డిస్నీలో ఒక నియమం ఉంది. మైలుకు 16 నిమిషాల కంటే ఎక్కువ తీసుకోకూడదు. అంటే కిలోమీటరుకు సుమారు 10 నిమిషాలు, మొత్తం మూడున్నర గంటలు. బాగా వెనకబడినవారిని బస్సు ఎక్కించి తీసుకుపోతారు. కిలోమీటరుకు 10 నిమిషాలంటే చురుకైన నడకే కదా అనిపిస్తుంది. కానీ మనం ఉదయం నడిచేది అరగంట. అక్కడ అదే చురుకుతో మూడున్నర గంటలు నడవాలి. వెలుగుల మధ్య మనసు దూరాన్ని మరచిపోవచ్చు. గుండె, మోకాళ్లు, రక్తంలోని చక్కెర మరచిపోవు.

మెట్ల దగ్గర తెలిసిన సంగతి

పరీక్షల మాటల్లో ఆయన్ని మామూలుగా అడిగాను, "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అని. "అబ్బే, లేదండీ" అన్నారు. ఆమె వెంటనే అందుకున్నారు. "లిఫ్టు పనిచేయని రోజు మూడో అంతస్తు దగ్గర ఆగి ఫోను చూసుకుంటారండీ. అక్కడ ఏం మెసేజీలు వస్తాయో నాకు తెలియదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గ్యాసండీ, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. నిలబడితే పోతుంది" అన్నారు.

ఆ "నిలబడితే పోతుంది" అన్నదే అసలు ప్రమాద సూచన. శ్రమపడినప్పుడు వచ్చి, విశ్రాంతి తీసుకోగానే తగ్గే ఛాతీ బిగువును గ్యాస్ అనుకుని వదిలేయకూడదు. ఆయన ఈసీజీ మామూలుగానే ఉంది. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన రక్తనాళాలు బాగున్నట్టు కాదు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ పరీక్షలో తేడా కనబడింది. గుండె ఆసుపత్రికి పంపితే, యాంజియోగ్రామ్‌లో ఒక ముఖ్యమైన రక్తనాళం బాగా సన్నబడి ఉందని తేలింది. ఆగస్టులో స్టెంట్ వేశారు.

ఆయనకు నా మీద కోపం వచ్చింది. "పరుగుకని వస్తే పేషెంటును చేశారు" అన్నారు. నేను ఏమీ అనలేదు. ఆ నాళంతో 21 కిలోమీటర్లకు దిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమే.

ఇది చదివి పరుగంటేనే బెదిరిపోవద్దు. అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్లు, హాఫ్ మారథాన్లలో పాల్గొన్న 1 కోటి 9 లక్షల మంది లెక్కలు పరిశీలిస్తే, 59 మందికి గుండె ఆగింది. అంటే సుమారు 1,84,000 మందిలో ఒకరికి. హాఫ్ మారథాన్‌లో ఇది ఇంకా తక్కువ. అయితే ఆ 59 మందిలో 42 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పురుషులు. ప్రమాదం అరుదే గాని, వస్తే తిరిగి కోలుకునేవారు కొద్దిమందే. అందుకే 40 దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు, పొగతాగే అలవాటున్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారున్న కుటుంబాలవారు సాధన మొదలుపెట్టకముందే వైద్యుణ్ణి కలవాలి.

ఆమె ఆరు నెలల సాధన

ఆమెకు మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, 8.4 ఉంది. మోకాళ్లలో అరుగుదల మొదటి దశలో ఉంది. పాదాల స్పర్శ పరీక్షించాం, బాగుంది. కంటి పరీక్ష, ఈసీజీ, టీఎంటీ బాగున్నాయి. "నెమ్మదిగా అయితే మీరు వెళ్లవచ్చమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు.

మొదటి నెల వారానికి ఐదు రోజులు అరగంట నడక మాత్రమే. దానితో పాటు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. రెండో నెల నుంచి రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం మెల్లని పరుగు. ఇలా నడక, పరుగు కలిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారు జెఫ్ గాలోవే. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరుగెత్తారు. డిస్నీ పరుగులకు శిక్షణ సలహాదారుగా పనిచేశారు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవడం ఇందులో కిటుకు.

ఆదివారం ఆరాధన ఉంటుంది కనుక దూరపు నడక శనివారానికి పెట్టుకున్నారు. వారానికి ఒక కిలోమీటరు మించి పెంచలేదు. ప్రతి నాలుగో వారం కొంత తగ్గించారు. డిసెంబరుకు 18 కిలోమీటర్లు చేరారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నడవకూడదు, సైకిల్ ట్రాక్ సైకిళ్లకు కేటాయించినది. కాబట్టి కాలనీ రోడ్లలోనే, తెల్లవారకముందే, మెరిసే చొక్కా వేసుకుని చుట్లు కొట్టారు.

రెండుసార్లు మానేద్దామనుకున్నారు. మొదటిది సెప్టెంబరులో. కాలిఫోర్నియా డిస్నీలాండ్ హాఫ్ మారథాన్‌లో ఒక యువకుడు ముగింపు గీత దాటగానే కుప్పకూలి చనిపోయాడు. ఎండలు తీవ్రంగా ఉన్న రోజులవి. కూతురు ఏడుస్తూ ఫోను చేసింది, "అమ్మా, వద్దులే" అని. నేను ఆమెకు చెప్పిందొకటే. వేడి ఎక్కువగా ఉన్న రోజు వేగం తగ్గించాలి, ఒంట్లో బాగోలేని రోజు గీత దగ్గరకే వెళ్లకూడదు. నిర్వాహకులే ఆపేసిన సందర్భం కూడా ఉంది. పిడుగుల భయంతో 2017 జనవరిలో ఫ్లోరిడా హాఫ్ మారథాన్‌ను రద్దు చేశారు. ఆగడం ఓటమి కాదు.

రెండోది అక్టోబరులో. తొమ్మిదో కిలోమీటరు దగ్గర చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగాయి. ఉదయం టీ మాత్రమే తాగి గ్లిమిప్రైడ్ మాత్ర వేసుకుని బయలుదేరారు. చక్కెర పడిపోయింది. జేబులో గ్లూకోజు పొడి ఉండబట్టి గండం గడిచింది. నడక పెరిగినప్పుడు ఆ మాత్ర తగ్గించాలని ముందే చెప్పవలసింది నేను. చెప్పలేదు. తప్పు నాదే. ఆ వారమే మోతాదు మార్చాను.

ఇవి గుర్తుంచుకోండి

దూరపు నడకకు ఖాళీ కడుపుతో వెళ్లకండి. గంట ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవారు మోతాదు గురించి వైద్యుణ్ణి అడగాలి. మీ అంతట మీరు మానకూడదు.

దాహాన్ని బట్టి నీళ్లు తాగండి. ఎక్కువ తాగినా ప్రమాదమే. 2002లో బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. అతిగా నీళ్లు తాగడం దీనికి ముఖ్య కారణం. చెమట బాగా పట్టే రోజుల్లో ఓఆర్‌ఎస్ గాని, ఉప్పు వేసిన మజ్జిగ గాని మంచివి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు, నీటి పరిమాణం వైద్యుణ్ణి అడగాలి.

పరుగుకు ముందు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకండి. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఛాతీలో బిగువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆగండి. జ్వరం ఉన్న వారంలో పరుగు వద్దు.

పక్కవారు పడిపోయి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా లేకపోతే 108కు ఫోను చేసి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండండి.

ఈ జాగ్రత్తలన్నీ మన ఊరి పరుగుకూ వర్తిస్తాయి. ఆగస్టులో నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే హాఫ్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు, వానాకాలపు ఉక్కపోత కలిసి పరీక్షిస్తాయి.

జనవరి తెల్లవారుజామున

ముగ్గురూ ఒర్లాండోలో కలిశారు. తల్లీ కూతుళ్లు చీకట్లో వరుసలో నిలబడ్డారు. కోట కనబడగానే చుట్టూ ఉన్నవారు కేకలు వేస్తూ పరుగు పెంచారట. కూతురూ చెయ్యి పట్టి లాగింది. "నాకు ఇంకా నడక నిమిషమే నడుస్తోందే" అని ఆమె చెయ్యి విడిపించుకున్నారు. ఫొటో వరుస పొడుగ్గా ఉంటే, రేపు టికెట్ కొనుక్కుని వచ్చి దిగుదాంలే అన్నారు.

3 గంటల 24 నిమిషాలకు ముగింపు గీత దాటారు. కంచె అవతల చలికి మఫ్లరు చుట్టుకుని ఆయన నిలబడి ఉన్నారు. చప్పట్లు కొట్టి కొట్టి చేతులు మండాయని తర్వాత నాతో అన్నారు.

తిరిగొచ్చాక పురుషుల కూడికలో సాక్ష్యం చెప్పింది ఆమె కాదు, ఆయన. మెడల్ గురించి రెండు మాటలు చెప్పి, మూడో అంతస్తు గురించే ఎక్కువ చెప్పారు. ఆ తర్వాతి వారం మన ఓపీకి నలుగురు వచ్చారు, "మాకూ గ్యాసేనండీ" అంటూ.

పౌలు భక్తుడు విశ్వాస జీవితాన్ని పందెపు పరుగుతో పోల్చాడు. ఆ పరుగుకైనా, ఈ పరుగుకైనా ఓపిక కావాలి. మీ ఇంట్లో మెట్ల మధ్య ఆగి ఫోను చూసుకునేవారు ఎవరైనా ఉంటే, ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుని ఓపీకి తీసుకురండి.

ప్రభువు మీకూ మీ ఇంటివారికీ ఆరోగ్యాన్ని అనుగ్రహించును గాక.