పేగుబంధానికి దారేది?

అనంతగిరి మండలం పేరు వార్తల్లోకి ఎక్కువగా రెండు విషయాల్లో వస్తుంది. ఒకటి బొర్రా గుహలు, రెండోది డోలీ మోత. కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని, వాగులు దాటించి అంబులెన్స్ ఆగిన చోటికి చేర్చడం ఇక్కడి కొండ పల్లెల్లో ఇంకా పోలేదు. కొన్నిసార్లు దారిలోనే కాన్పు అయిపోతుంది. ఆ ఫొటో ఒకరోజు ఫోన్లలో తిరుగుతుంది. "తల్లీబిడ్డ క్షేమం" అనే మాటతో వార్త ముగుస్తుంది.

మేం ఆ వార్త ముగిసిన చోట మొదలుపెడుతున్నాం. ఆ తర్వాత ఆ తల్లికీ బిడ్డకీ మధ్య అల్లుకోవాల్సిన బంధాన్ని ఏవి పెంచుతాయి? ఏవి తుంచుతాయి? ఈ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. బిడ్డ బరువు పెరగకపోయినా, పాలు తాగకపోయినా నింద ముందుగా తల్లి మీదే పడుతుంది. ఆదివాసీ తల్లికి "అవగాహన లేదు" అంటారు. దళిత తల్లికి "శుభ్రత లేదు" అంటారు. ఆమె చుట్టూ ఏం లేదో మాత్రం ఎవరూ లెక్క తీయరు.

శరీరం చేసే పని

కాన్పు సమయంలో తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. గర్భసంచిని ముడుచుకునేలా చేసేది, పాలను రొమ్ము నుంచి బయటికి తెచ్చేది అదే. బిడ్డ ఒంటిని తల్లి ఒంటికి ఆనించినప్పుడు, బిడ్డ చీకుతున్నప్పుడు అది ఇంకా పెరుగుతుంది. బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉంటుంది, గుండె, ఊపిరి కుదురుకుంటాయి. అందుకే పుట్టిన మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

భయం, నొప్పి, అవమానం ఈ హార్మోన్‌కు శత్రువులు. బెదిరిపోయిన తల్లికి పాలు దిగడం ఆలస్యమవుతుంది. ప్రసూతి గదిలో కసురుకునే గొంతు కూడా అలా ఆమె శరీరంలోకి చేరుతుంది.

1972లో అమెరికా వైద్యులు మార్షల్ క్లౌస్, జాన్ కెన్నెల్ ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. అందులో 28 మంది తల్లులు. మొదటి మూడు రోజుల్లో బిడ్డతో ఎక్కువ సేపు గడిపిన తల్లులు, నెల తర్వాత బిడ్డను ఎక్కువ దగ్గరికి తీసుకుంటున్నారని వాళ్లు గమనించారు. బిడ్డను వేరే గదిలో పెట్టే ఆసుపత్రుల పద్ధతి మారడానికి అది తోడ్పడింది. అయితే ఆ తొలి గంటలు పోతే బంధమే పోతుందన్న వాదన తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు. దత్తత తీసుకున్న తల్లులే దానికి సాక్ష్యం. బంధం రోజులు, నెలల మీద అల్లుకుంటుంది. డోలీలో కాన్పు అయిన తల్లికీ, ఆపరేషన్ తర్వాత మత్తులో ఉన్న తల్లికీ ఈ మాట చెప్పడం అవసరం: మీరేమీ కోల్పోలేదు. కానీ ఆ గంటలను ఇవ్వగలిగి కూడా ఇవ్వని వ్యవస్థకు ఇది సాకు కాకూడదు.

ఆసుపత్రికి చేరితే చాలా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. మొదటి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. అంటే ఆసుపత్రి గడప దాటాక కూడా తల్లికీ బిడ్డకీ మధ్య ఏదో అడ్డం వస్తోంది. సిజేరియన్లు అందులో ఒకటి. దేశంలో అవి 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ పరిస్థితి ఇంకా కష్టం. బిడ్డ ప్రత్యేక విభాగంలో, తల్లి మరో వార్డులో. కొండ మీది నుంచి విశాఖ పెద్దాసుపత్రికి పంపితే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే, ఇంక్యుబేటర్లు చాలక, అలాంటి పిల్లలను తల్లి గుండెకే కట్టించారు. కంగారూ సంరక్షణ అలా పుట్టింది. 2021లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ఐదు దేశాల్లో జరిగింది. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో భాగం. పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే ఇలాంటి పిల్లల మరణాలు 25 శాతం తగ్గాయని తేలింది. పసిబిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని పనికి వెళ్లే తల్లులు మన కొండల్లో ఎప్పటి నుంచో ఉన్నారు. అవగాహన లేదన్నది వీళ్లనే.

అలాగని ప్రతి ఆచారాన్నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది కొండ మీదే కాదు, మైదానంలోనూ ఉంది. దాన్ని మార్చాలంటే తల్లి భాషలో మాట్లాడాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లికి తెలుగులో గద్దిస్తే ఆమెకు అందేది గద్దింపు ఒక్కటే.

మనసు, ఆకలి, కూలి

2017లో వెలువడిన ఒక సమీక్ష 38 భారతీయ అధ్యయనాలను కలిపి చూసింది. కాన్పు తర్వాత 22 శాతం తల్లులు కుంగుబాటుకు లోనవుతున్నారని తేల్చింది. పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టిందన్న సూటిపోటి మాటలు అందుకు కారణాలుగా కనిపించాయి. కుంగిన తల్లి బిడ్డ ఏడుపుకు స్పందించలేకపోతే దాన్ని ప్రేమలేమి అనడం అన్యాయం. రక్తహీనతతో నీరసించిన తల్లి విషయమూ అంతే.

ఇక కూలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. పోడు చేసుకునే తల్లికి, నాట్లు వేసే దళిత కూలి తల్లికి ఆ సెలవు ఎవరిస్తారు? 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి తల్లికీ కనీసం 6,000 రూపాయలు అంది. మాతృ వందన పథకం మొదటి కాన్పుకు ఇస్తున్నది 5,000. ఆ డబ్బుతో ఎన్ని రోజుల కూలి మానుకోవచ్చో లెక్కేసి చూడండి.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును బాబాసాహెబ్ అంబేడ్కర్ సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని వాదించారు. ఆ మరుసటి ఏడాది చట్టం వచ్చింది. అది ఫ్యాక్టరీ స్త్రీల కోసం. ఆ వాదనను పొలానికీ, కొండకూ తీసుకెళ్లే పని మిగిలే ఉంది.

ఏం అడగాలి?

అడగాల్సినవి చాలావరకు కాగితం మీద ఉన్నవే. ప్రసూతి గదిలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంటి కాన్పయితే ఏడుసార్లు బిడ్డను చూడాలి. కాన్పుకు ముందే వచ్చి ఉండేందుకు సాలూరులో పెట్టినట్టు గర్భిణుల వసతి గృహాలు ఉండాలి, తోడు వచ్చినవాళ్లకూ తిండి, చోటు దొరకాలి. తక్కువ బరువు బిడ్డ పక్కనే తల్లికి మంచం వేయాలి. వీటన్నిటికంటే ముందు ఊరికి రోడ్డు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈసారి డోలీ ఫొటో పంచుకునేటప్పుడు ఆ ఊరి ఆశా ఎన్నిసార్లు వెళ్లగలిగింది, తోడును లోపలికి రానిచ్చారా, మాతృ వందన డబ్బు పడిందా అని కూడా అడగండి. సమాచార హక్కు దరఖాస్తులో పెట్టదగిన ప్రశ్నలే ఇవన్నీ.

1997లో సమతా తీర్పు ఈ అనంతగిరి మండలం భూముల గొడవ నుంచే వచ్చింది. ఆదివాసీ నేల ఆదివాసీదేనని దేశమంతటికీ చెప్పిన కొండలివి. ఆ నేల మీద పుట్టిన బిడ్డకు మొదటి గంట తల్లి ఒడిలో గడిచే హక్కు కూడా ఇక్కడి నుంచే అడుగుదాం.