కోసేది వజ్రం.. నిలిపేది వెండి టంకం

బేతంచెర్ల: నంద్యాల జిల్లా బేతంచెర్ల, కొలిమిగుండ్ల, కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతాలు నాపరాళ్లకు ప్రసిద్ధి. గట్టి బండను కోసే బ్లేడులోని పదునంతా ఉక్కు చక్రం అంచున ఉండే సెగ్మెంట్లదే. కృత్రిమ వజ్రపు రేణువులను కోబాల్ట్, కంచు వంటి లోహపు పొడులతో కలిపి, అచ్చులో నొక్కి, వేడిచేసి వీటిని తయారు చేస్తారు. లోహం అరిగేకొద్దీ కొత్త రేణువులు పైకి తేలుతాయి.

సెగ్మెంట్లు పూర్తిగా అరిగినా చక్రం పనికి వస్తుంది. కొత్తవాటిని వెండి, రాగి, జింకు కలిసిన టంకంతో అతికిస్తారు. ఉక్కు కరగడానికి ఎంతో ముందే టంకం కరిగి రెండింటినీ కలుపుతుంది. అతుకు సరిగా కుదరకపోతే తిరిగే బ్లేడు నుంచి సెగ్మెంటు ఊడి తూటాలా దూసుకొస్తుంది.

కాడ్మియంతో ముప్పు

తక్కువ వేడికే కరిగేందుకు కొన్ని టంకాల్లో కాడ్మియం కలుపుతారు. ఇది 767 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మంట ఎక్కువైతే వెలువడే పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దగ్గు, జ్వరం కొన్ని గంటల తరువాత కనిపించడంతో మామూలు జలుబని పొరబడే ప్రమాదం ఉంది. ఐరోపా సమాఖ్య 2011లో కొద్ది మినహాయింపులతో ఇటువంటి టంకాలను నిషేధించింది. తగరం కలిపిన కాడ్మియం రహిత రకాలు లభిస్తున్నాయి. వాటినే ఎంచుకొని, గాలి బాగా ఆడే చోట అతుకు పని చేయడం శ్రేయస్కరం.