72 పింట్ల పీపా, 3 రోజుల గడువు: ఆక్స్‌ఫర్డ్‌లో పబ్బు వెతుక్కునే లెక్క

ఆక్స్‌ఫర్డ్ నడిబొడ్డున కార్‌ఫాక్స్ కూడలి. ఆ మూల మీద ఒకప్పుడు స్విండిల్‌స్టాక్ అనే మద్యశాల ఉండేది. 1355 ఫిబ్రవరి 10న ఇద్దరు విద్యార్థులు అక్కడ కూర్చుని వైను బాగాలేదన్నారు. యజమాని ఊరుకోలేదు. మాటా మాటా పెరిగింది, వైను అతని మొహాన పడింది. తర్వాత ఊరు ఒకవైపు, యూనివర్సిటీ మరోవైపు నిలబడి మూడు రోజులు కొట్టుకున్నాయి. చనిపోయిన విద్యార్థులు 63 మంది అని లెక్క తేల్చారు. తలకో పెన్నీ చొప్పున ఏటా 63 పెన్నీలు ఊరి పెద్దలు యూనివర్సిటీకి చెల్లించుకోవాలన్నారు. 1825లో అప్పటి మేయరు ఇక కట్టేది లేదనేదాకా ఆ తంతు సాగింది. ఇరుపక్షాలూ లాంఛనంగా చేతులు కలిపింది 1955లో. అంటే రుచి బాగాలేదన్న ఒక్క మాట మీద రేగిన తగువు చల్లారడానికి 600 ఏళ్లు పట్టింది.

గొడవ అయ్యాక రాజు మూడో ఎడ్వర్డ్ యూనివర్సిటీ పక్షమే వహించాడు. ఊళ్లో అమ్మే రొట్టె తూకం, బీరు నాణ్యత చూసే అధికారం కూడా దాని చేతికే ఇచ్చాడు. ఇప్పుడా తనిఖీ సిటీ కౌన్సిల్‌ది. దాని ఫలితం హోటల్ తలుపు మీద ఆకుపచ్చ స్టిక్కర్‌గా కనిపిస్తుంది. 0 నుంచి 5 వరకు మార్కులు. 5 వస్తే చాలా బాగున్నట్టు, 0 అంటే వెంటనే సరిచేసుకోవాల్సిన స్థితి. వంటగది శుభ్రత, సరుకు నిల్వ చేసే తీరు, సిబ్బంది జాగ్రత్తలు చూసి వేసే మార్కులివి. రుచికి ఇందులో ఒక్క మార్కూ లేదు. వేల్స్‌లో ఈ స్టిక్కర్ అతికించి తీరాలి. ఇంగ్లండ్‌లో ఆ నిబంధన లేదు. కాబట్టి తలుపు మీద అంకె కనబడకపోతే అనుమానించడంలో తప్పులేదు. ఫోన్‌లో ఆ హోటల్ పేరు కొడితే రేటింగ్ బయటపడుతుంది.

ఊరి కొలతలు కూడా కొంచెం తెలియాలి. 2021 జనాభా లెక్కల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నది 1,62,100 మంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థులే 26,000 దాటతారు. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ అనే రెండో యూనివర్సిటీ పిల్లలు వీళ్లకు అదనం. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో టర్మ్ అంటే 8 వారాలు. ఏడాదికి మూడు టర్ములు, మొత్తం 24 వారాలు. మిగిలిన 28 వారాల్లో కాలేజీ గదులు చాలావరకు ఖాళీ అవుతాయి. మధ్య వీధులు పర్యాటకులతో, సదస్సులకు వచ్చేవాళ్లతో నడుస్తాయి. ఒక పబ్బు జులైలో కిటకిటలాడిందంటే అది టూర్ గైడు జెండా వెంట వచ్చిన జనం కావచ్చు. నవంబరులో, టర్మ్ మధ్యలో, మంగళవారం సాయంత్రం అక్కడ ఎవరున్నారన్నదే అసలు పరీక్ష.

ఇక బోర్డుల మీది సంవత్సరాలు. ఈ ఊళ్లో వాటికి కొదవలేదు. కింగ్స్ ఆర్మ్స్ పబ్బు 1607 అంటుంది. హై స్ట్రీట్‌లో క్వీన్స్ లేన్ కాఫీ హౌస్ 1654 అంటే, దేశంలో మొట్టమొదటి కాఫీ హౌస్ 1650లో ఇక్కడే వెలిసిందని వీధికి అవతలి వైపు మరొకరు చెప్పుకుంటారు. అందరికన్నా ముందుది బేర్ ఇన్, దానిది 1242. కానీ ఆ ఏడాది హై స్ట్రీట్ మీద ఉండిన పాత బేర్ సత్రానిది. ఇప్పుడు మనం తల వంచి దూరే చిన్న కట్టడం 17వ శతాబ్దం తొలినాళ్లలో సత్రం గుర్రాల కాపరి కోసం కట్టినది. పాత సత్రం మూతపడ్డాక పేరు ఇటు చేరింది. ఇంటిపేరు దత్తత వచ్చిందన్నమాట.

అలాగని బేర్‌ను కొట్టిపారేయలేం. లోపల గోడలకీ పైకప్పుకీ అద్దాల పెట్టెల్లో టై ముక్కలు బిగించి ఉంటాయి: క్లబ్బులవి, రెజిమెంట్లవి, స్కూళ్లవి, 4,500కు పైనే. 1952లో అప్పటి యజమాని మొదలుపెట్టిన అలవాటు ఇది. టై చివర కత్తిరించుకోనిస్తే అర పింటు బీరు ఉచితం. 1242 కన్నా నాకు ఈ 1952 మీదే గురి ఎక్కువ. అది కళ్లముందు గోడ మీద కనిపిస్తుంది.

టర్ఫ్ టావర్న్ గొప్ప కూడా ఒక అంకె మీదే నిలబడింది: 11 సెకన్లు. బాబ్ హాక్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు 1950లలో రోడ్స్ స్కాలర్‌గా ఇక్కడ చదువుతూ రెండున్నర పింట్లు, అంటే దాదాపు 1.4 లీటర్ల బీరు, 11 సెకన్లలో గుక్క తిప్పకుండా తాగేశాడు. గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు, తర్వాత 1983లో ఆస్ట్రేలియా ప్రధాని కూడా అయ్యాడు. ఓట్లు రావడానికి ఆ రికార్డే సాయపడి ఉంటుందని ఆయనే అన్నాడు. ఇరుకు సందు పట్టుకుని పాత నగర గోడ పక్కన తేలే ఆ పబ్బు ఒకసారి చూడదగ్గదే. రోజూ వెళ్లేది మాత్రం కాదు. మీ ముందు కనీసం ఒక బస్సు జనం ఉంటారు.

మరి రోజూ వెళ్లే చోటు ఎలా దొరుకుతుంది? నా మటుకు 72, 3 అనే రెండు అంకెలు చాలు. ఇంగ్లిష్ పబ్బులో అసలు సరుకు కాస్క్ ఏల్. సీసాలోనో గ్యాస్ డ్రమ్ములోనో వచ్చే చల్లటి లాగర్ కాదిది. పీపాలోనే ఇంకా పులుస్తూ నేలమాళిగలో ఉండి, పొడవాటి చెక్కపిడి ఉన్న చేతిపంపుతో పైకి వచ్చే బీరు. మామూలుగా వాడే పీపాలో 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు పడతాయి. పీపా తెరిచాక గాలి తగలడం మొదలవుతుంది. సుమారు 3 రోజుల్లో అమ్ముడుపోకపోతే రుచి చప్పబడి పుల్లబారుతుంది. 72ని 3తో భాగిస్తే 24. అంటే ఒక్కో చేతిపంపు నుంచి రోజుకు 24 పింట్లయినా అమ్ముడుకావాలి. ఆరు పంపులుంటే 144. ఇప్పుడు లోపలికి వెళ్లి చుట్టూ చూడండి. కౌంటరు మీద ఆరు పంపులు నిగనిగలాడుతూ, కుర్చీల్లో నలుగురే ఉంటే ఆ లెక్క కుదరదు. ఎవరి గ్లాసులోనో నాలుగో రోజు బీరు పడుతుంది. రెండే పంపులుండి, సాయంత్రం ఆరింటికే నిలబడ్డానికి చోటు లేని పబ్బులో ధైర్యంగా అడగొచ్చు.

దగ్గరికి వెళ్తే ఇంకొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. పంపు మీది బీరు పేరు పలకను వెనక్కి తిప్పి పెట్టారంటే ఆ పీపా అయిపోయిందని. అది మంచి సంకేతం, సరుకు కదులుతోంది. బీరు 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉండాలి. మన అలవాటుకు అది గోరువెచ్చగా తోస్తుంది కానీ ఐసు వేసినట్టు చల్లగా ఉంటే రుచి తెలియదు. ఏది తీసుకోవాలో తేలకపోతే రుచికి కొంచెం పోయమని అడగండి, చాలా చోట్ల చిన్న గ్లాసులో పోస్తారు. వెనిగర్ వాసన కొడితే మొహమాటపడకుండా కౌంటరు దగ్గరికి తీసుకెళ్లి చెప్పండి. సరైన పబ్బయితే మాట్లాడకుండా మార్చి ఇస్తుంది. 1355లో లాగా మొహాన కొట్టనక్కర్లేదు.

పింటు అంటే 568 మిల్లీలీటర్లు. మన దగ్గర బీరు సీసా 650. ఈ కొలత పక్కన ఇంకో లెక్క ఉంది, పిల్లల్ని అక్కడికి చదువుకు పంపే తల్లిదండ్రులూ చదవాల్సింది. 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్‌ను బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటారు. 4 శాతం బీరు ఒక పింటులో దాదాపు 2.3 యూనిట్లు. వారానికి 14 యూనిట్లు దాటొద్దని అక్కడి ప్రభుత్వ వైద్యుల సలహా, ఆడా మగా తేడా లేకుండా. పబ్బులో రౌండ్లు కొనే ఆచారం ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. అయిదుగురు కలిస్తే ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొంటారు. అయిదు రౌండ్లు ముగిసేసరికి తలా అయిదు పింట్లు, 11 యూనిట్లకు పైన. వారం కోటాలో 80 శాతం ఒక్క రాత్రిలో అయిపోతుంది. జేబు సంగతీ అంతే. సెంటర్‌లో పింటు అయిదారు పౌండ్లు అనుకుంటే ఒక రౌండుకు పాతిక నుంచి ముప్ఫై. లండన్ బయట చదివే విదేశీ విద్యార్థి వీసా కోసం నెల ఖర్చుకు చూపించాల్సిన మొత్తాన్ని 2025 జనవరిలో 1,136 పౌండ్లు చేశారు. అంటే అప్పటి లెక్కన రోజుకు 38 పౌండ్లకు లోపే, అందులోనే అద్దె. రౌండులో చేరను, నాది నేనే కొనుక్కుంటానని మొదటే చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. మధ్యలో తప్పుకుంటేనే పిసినారి అంటారు.

మందు ముట్టనివాళ్లకు పబ్బులో పనేమిటి అనేది మనవాళ్లలో ఉన్న అపోహ. అక్కడ పబ్బు అంటే సగం మందు దుకాణం, సగం రచ్చబండ. లైమ్ అండ్ సోడా అడగొచ్చు. మద్యం అమ్మే చోట అడిగినవారికి తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో నిబంధనే ఉంది. వెయిటరు వస్తాడని బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం రాత్రంతా కూర్చోవాల్సిందే. కౌంటరు దగ్గరికి మనమే వెళ్లి అడగాలి. అక్కడ టిప్పు పెట్టే అలవాటు లేదు. రెస్టారెంట్లలో బిల్లు కింద 12.5 శాతం సర్వీస్ చార్జి వేస్తుంటారు. అది ఐచ్ఛికమని రాసి ఉంటే తీసేయమని అడిగే హక్కు మీకుంది.

తిండి బిల్లులో కనబడకుండా కూర్చున్న అంకె 20. చల్లటి శాండ్‌విచ్ కొని బయటికి పట్టుకెళ్తే వ్యాట్ సున్నా. అదే శాండ్‌విచ్ లోపల కుర్చీలో కూర్చుని తింటే 20 శాతం. లోపల 5 పౌండ్లయితే అందులో 83 పెన్స్ పన్నే. వేడివేడిది అయితే బయటికి తీసుకెళ్లినా 20 శాతం తప్పదు. ఎండ కాసినరోజు విద్యార్థులంతా శాండ్‌విచ్ పొట్లాలతో గడ్డి మీద కనిపించడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ఈ పొట్లాలకు మంచి చోటు కవర్డ్ మార్కెట్. వీధుల్లో మాంసం, కూరగాయల బళ్ల రొచ్చు పడలేక ఊరివాళ్లు కట్టించుకున్న సంత అది. 1774 నవంబరు 1న తెరిచారు, మొదట్లో 20 మాంసం దుకాణాలు. ఇప్పటికీ మాంసం కొట్టు పక్కనే కేకుల కొట్టు ఉంటుంది. దేశదేశాలకు పాకిన బెన్స్ కుకీస్ 1984లో ఇక్కడే పుట్టింది.

కారం కావాలంటే మాగ్డలెన్ వంతెన దాటాలి. కార్‌ఫాక్స్ నుంచి సుమారు ఒక కిలోమీటరు నడిస్తే కౌలీ రోడ్డు మొదలు. ఆ రోడ్డు చివరి ఊళ్లో 1913లో విలియం మోరిస్ కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పనులకీ బస్సుల పనులకీ కరీబియన్ నుంచీ మన ఉపఖండం నుంచీ జనం వచ్చారు, వాళ్ల వెంట వాళ్ల వంటలు వచ్చాయి. 1936లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడికి ప్రొఫెసరుగా వచ్చేనాటికి ఈ కూరల వీధి లేదు. కౌలీ రోడ్డులో సెంటర్ కన్నా ధర తక్కువ, గిన్నె పెద్దది. కానీ ఒక హెచ్చరిక. బ్రిటన్‌లో ఇండియన్ అని బోర్డున్న హోటళ్లలో చాలావరకు నడిపేది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు. మెనూలోని మద్రాస్, విందాలూ అనేవి కారం మెట్లు మాత్రమే. మద్రాస్ అడిగి చింతపండు పులుసు, కరివేపాకు ఎదురుచూస్తే నిరాశే. గుంటూరు నాలుకకు ఆ కారం కూడా పిల్లల కారం.

నడిచే ఓపిక ఉంటే పశ్చిమాన బిన్సీ అనే పల్లెకు వెళ్లండి. గడ్డికప్పు ఉన్న పెర్చ్ పబ్బు అక్కడుంది, సెంటర్ నుంచి సుమారు 3 కిలోమీటర్లు. ఈ దూరమే ఒక జల్లెడ. గంటన్నరలో ఊరు చూసి బస్సెక్కేవాళ్లు ఇంతదూరం రారు. ఊళ్లోనే ఉండాలంటే నా ఓటు లాంబ్ అండ్ ఫ్లాగ్‌కు. ఎదురుగా ఉన్న ఈగిల్ అండ్ చైల్డ్‌లో రచయితలు టోల్కీన్, సి.ఎస్.లూయిస్ మంగళవారాలు కూర్చునేవారని ప్రపంచమంతా వెళ్లేది. అది 2020లో మూతపడింది, 2023లో ఒక సాంకేతిక సంస్థ కొనుక్కుంది. లాంబ్ అండ్ ఫ్లాగ్ కూడా 2021 జనవరిలో మూతపడింది. దాన్ని అలా వదలలేక స్థానికులు కొందరు సంస్థగా కలిసి లీజుకు తీసుకుని 2022 అక్టోబరులో మళ్లీ తెరిచారు. జనం డబ్బులు వేసుకుని బతికించుకున్న పబ్బుకు మించిన రేటింగ్ ఏ స్టిక్కరూ ఇవ్వదు.

ఎక్కడికి వెళ్లినా భోజనం అక్కడే అనుకుంటే, కౌంటరు దగ్గర మొదట అడగాల్సింది వంటగది ఎన్నింటికి మూస్తారని. బీరు పదకొండు దాకా పోస్తారు కానీ చాలా పబ్బుల్లో పొయ్యి తొమ్మిదింటికే ఆరిపోతుంది.