వెంట్రుకలో షుగర్ లెక్క ఉంటదా?

సూది అంటే ఎవరికి ఇష్టం? "వెంట్రుక ఇస్తే చాలు, షుగర్ చెప్తరట" అనే మాట వినపడితే కుంఠా నాకాలో ఎవరికైనా ప్రాణం లేచొచ్చినట్టయితది. అది ఉత్త గాలిమాటేం కాదు. అట్లని ఇప్పుడే సూది మానేసే సంగతీ కాదు.

రక్తంలో చక్కెర ఎక్కువైతే అది ఒంట్లోని ప్రోటీన్లకు అంటుకుంటుంది. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత అంటిందో చూసేదే హెచ్‌బీఏ1సీ, మనం "మూడు నెలల షుగర్" అంటామే, ఆ పరీక్ష. ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి మూడు నెలల లెక్క. పరీక్షకు ముందురోజు తిండి తగ్గించి దాన్ని మోసం చేయలేం.

వెంట్రుక కూడా ప్రోటీనే, పేరు కెరాటిన్. దానికీ చక్కెర అంటుతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. సాంచా మీద తువ్వాల చూడండి: ఇప్పుడే పేక పడిన చోటు కొత్తది, రోలర్‌కు చుట్టుకున్నది పాతది. మైలపోగు ఎక్కడ పడిందో అక్కడే కనబడుతుంది. అట్లనే మాడు దగ్గరి వెంట్రుక ఈ నెలది, కొస పాతది. ఈ చక్కెర షుగర్‌కు కొలత కావచ్చని 1984లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్లు రాశారు.

నలభై ఏళ్లు దాటినా మామూలు దవాఖానలోకి ఎందుకు రాలేదు? నేతపని వాళ్లకు చెప్పాల్నా! రంగు వేసినా, బ్లీచ్ చేసినా పోగు మునుపటి పోగు కాదు. ఎండ, సబ్బు కూడా వెంట్రుకను మారుస్తాయి. అందరి జుట్టూ ఒకే తీరుగ పెరగదు. ఇంత ఉంటే మంచిది, ఇంత దాటితే చెడ్డది అని ఖాయమైన గీత కూడా లేదు. కాబట్టి వెంట్రుక చూసి మందు మారుస్తామనే వాళ్లకు పైసలియ్యకండి.

అయినా ఈ వెతుకులాట అవసరమే. హెచ్‌బీఏ1సీకి కూడా ఒక లోపముంది. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. రిపోర్టు చూపించేటప్పుడు "నాకు రక్తం తక్కువుందా, అది కూడా చూడండి" అని డాక్టరును అడగాలి.

ఇంకో మాట. రాత్రిపాళీలో చెమటలు పట్టి, చేతులు వణికితే వెంట్రుక ఏం చెప్పదు. షుగర్ పడిపోయిందేమో వేలి చుక్కే చెప్పాలి. మీటర్ దగ్గర లేకుంటే, తెలివిలో ఉన్న మనిషికి ముందు చక్కెర నీళ్లు ఇయ్యండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు తీస్కపోండి.